మా బావ లాంటి అభిమాని ఊరికొక్కడుంటే చాలు

మా బావకి లోకం అన్యాయం చేసింది. ఆయన ఉండాల్సిన చోటు ఫిలడెల్ఫియాలో లింకన్ ఫైనాన్షియల్ ఫీల్డ్ పైఅంతస్తు, కోచ్‌లు కూర్చునే అద్దాల గది. ఉంటున్నదేమో ఎక్స్‌టన్‌లో సొంత ఇంటి బేస్‌మెంట్. చేతిలో ఉండాల్సింది ప్లేలన్నీ అచ్చేసి లామినేషన్ చేయించిన పెద్ద అట్ట. ఉన్నదేమో మిరపకాయ బజ్జీల ప్లేటు. అయినా ఆ మహానుభావుడు తన కష్టం ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పేదంతా ఈగల్స్ జట్టు అఫెన్సివ్ కోఆర్డినేటర్ కష్టపెడుతున్న తీరు గురించే.

ఆ ఉద్యోగమేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో, అంటే డౌన్లలో, పది యార్డులు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు. ప్రతిసారీ ఎవరు ఎటు పరిగెత్తాలో, బంతి ఎవరికి చేరాలో తేల్చి చెప్పేది మామూలుగా ఈ కోఆర్డినేటరే. ఒక ప్లే అయిపోగానే 40 సెకన్ల గడియారం తిరగడం మొదలెడుతుంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకరుంటుంది. గడియారం 15కి రాగానే అది మూగబోతుంది. అంటే కోఆర్డినేటర్‌కి దక్కేది 25 సెకన్లు. ఆ లోపల, అవతలి పదకొండు మంది ఏం చేయబోతున్నారో ఊహించుకుని, పెదవులు ఎవరూ చదవకుండా అట్ట నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేయాలి.

మా బావకి అలాంటి తొందరపాటు లేదు. బంతి కింద పడేదాకా ఆగుతాడు. పడ్డాక చెప్తాడు: "పరిగెత్తించాల్సింది." పరిగెత్తించిన చోట రెండడుగులు కూడా రాకపోతే, "విసరాల్సింది." ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ప్లే ఒక్కటి కూడా విఫలం కాగా నేను చూడలేదు. ఇంత మచ్చలేని రికార్డు ఆ వృత్తిలో బతికిన ఏ మనిషికీ లేదు. బిల్ వాల్ష్‌కీ లేదు, ఆండీ రీడ్‌కీ లేదు.

"వీడేం వేస్తాడో నాకు ముందే తెలుసు, ఇంత అమాయకంగా ఆడితే ఎలా?" అని ఆయన తరచూ బాధపడతాడు. నేనోసారి బుద్ధి తక్కువై, "అయితే ఇప్పుడేం వేస్తాడో చెప్పు బావా" అన్నాను. గడియారం 31, 30, 29. బావ ప్లేట్లోంచి బజ్జీ తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. సంస్కారం ఉన్న మనిషి నోటి నిండా పెట్టుకుని మాట్లాడడు. ప్లే అయిపోయింది, ఒక్క యార్డు వచ్చింది. అప్పుడు మింగాడు. "చెప్పానా?" అన్నాడు.

ఈ విద్య ఆటతో ఆగేది కూడా కాదు. మా అక్క స్కూకిల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు నడుపుతుంటే పక్క సీట్లో దారి చెప్పేది ఈయనే. ఎగ్జిట్ దాటిన వంద గజాలకి, "ఇక్కడే దిగాల్సింది" అంటాడు. ముందుగా చెప్పడానికేముంది, ఫోన్లో ఉన్న ఆడగొంతు కూడా చెప్తుంది.

బావ అమెరికా వచ్చింది 2009లో. చాన్నాళ్ళు క్రికెట్ మనిషిగానే ఉన్నాడు. బౌలింగ్ మార్పుల్లో ధోనీకి ఇక్కణ్ణుంచే సాయం చేస్తుండేవాడు. ఫుట్‌బాల్ నియమాలు నేర్చుకున్నది 2018 ఫిబ్రవరిలో, ఈగల్స్ 41-33తో పేట్రియట్స్‌ని ఓడించి మొదటి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన రాత్రి. ప్రథమార్ధం చివర్లో, నాలుగో ప్రయత్నంలో, గోల్ గీతకి ఒక్క యార్డు దూరంలో, బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ తానే పరిగెత్తి బంతి అందుకున్నాడు. బంతి చేతిలో ఇమిడింది గనక హెడ్ కోచ్ డగ్ పీడర్సన్ మొనగాడయ్యాడు. అదే జారి ఉంటే మొనగాడు ఎవరయ్యేవారో మా బేస్‌మెంట్‌కి తెలుసు.

ఆ క్షణానికి స్టేడియం బయట విగ్రహం కూడా పెట్టారు, పీడర్సన్, ఫోల్స్ ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు. మన వైపు మనిషి పోయాక విగ్రహం పెడతాం. అక్కడివాళ్ళు ఉద్యోగం పోకముందే పెట్టేశారు, అంతటి ముందుచూపు. 2021 జనవరిలో పీడర్సన్‌ని పంపించేశారు. విగ్రహం మాత్రం కదలకుండా ఉంది. ఏం చేయాలో ఎవరికీ చెప్పదు గనక దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. అంతకుముందు ఆండీ రీడ్‌ని కూడా పద్నాలుగు సీజన్లు భరించి 2012 చివర్లో సాగనంపారు. ఆయన కాన్సాస్ సిటీ వెళ్ళి మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. ఇంతమందిని ఇలా తీర్చిదిద్ది పరాయి ఊళ్ళకి దానం చేసే మనసు ఏ నగరానికుంది?

ఈ ఊరి అభిమానుల ప్రేమ చరిత్రకెక్కింది. 1968 డిసెంబర్లో, విరామంలో మైదానంలోకొచ్చిన శాంటాక్లాజ్ మీద మంచు ఉండలు విసిరారు. కానుకలు పంచే తాతకే అంత మర్యాద జరిగిన చోట, మూడో ప్రయత్నంలో మూడు యార్డులు తేలేని మనిషికి తక్కువ చేస్తే ఎలా?

కోఆర్డినేటర్ల విషయంలో బావ సేవ 2019 నుంచీ లెక్కకొస్తుంది. మైక్ గ్రో అనే ఆయన ఉండేవాడు. బావ 94.1 డబ్ల్యూఐపీ రేడియోకి ఫోన్ చేసి, ముప్పావుగంట లైన్లో ఆగి, పదకొండు సెకన్లు మాట్లాడాడు. ఆయనకి ఓపిక లేదన్నవాళ్ళు ఆ ముప్పావుగంట చూడలేదు. 2020 జనవరిలో ఒక బుధవారం హెడ్ కోచ్ గ్రో ఉంటాడన్నాడు. గురువారానికి గ్రో లేడు. "జనం మాట వినక తప్పదు" అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ. బజ్జీ ఘాటు కావచ్చు.

ఆ తర్వాతి సీజన్‌కి ఆ పదవిలో అసలెవర్నీ పెట్టుకోలేదు. మా ఇంట్లో అంత కరువు కాలం మళ్ళీ చూడలేదు. జట్టు 4 గెలిచి 11 ఓడింది, ఒకటి సమం. తిడదామంటే మనిషి లేడు. డిసెంబర్లో బావ బరువు తగ్గాడు. ఆ తర్వాత షేన్ స్టైకెన్ వచ్చి 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్లో 35 పాయింట్లు చేయించి, 38-35తో ఓడి, ఇండియానాపోలిస్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ఏడూ బావ గురి డిఫెన్స్ కోఆర్డినేటర్ వైపు మళ్ళింది. ఆయనది సంకుచిత దృష్టి కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు. బ్రయాన్ జాన్సన్ వచ్చిన 2023లో మొదటి పదకొండింట్లో పది గెలిచారు. అప్పుడు జాన్సన్ పేరు మా ఇంట్లో వినపడనే లేదు. చివరి ఆరింట్లో అయిదు ఓడాక ఆ పేరు తప్ప ఇంకోటి వినపడలేదు.

ఇక కెలెన్ మూర్ కథ. ఈయన ముందు డాలస్‌లో అదే పని చేసేవాడు. 2021లో లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసింది ఆయన నడిపిన అఫెన్సే. ఫ్రిస్కోలో ఉండే మా బావ తమ్ముడు, ఆయన కూడా అన్న పోలికే, మూర్‌ని పంపితే తప్ప డాలస్ బాగుపడదని రెండేళ్ళు తపస్సు చేశాడు. 2023 జనవరిలో తపస్సు ఫలించింది. డాలస్ ఎంత బాగుపడిందో డాలస్ వాళ్ళనే అడగాలి. మూర్ 2024లో ఇక్కడికొచ్చాడు.

ఆ ఏడు రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ 2,005 యార్డులు పరిగెత్తాడు. వరసగా తొమ్మిది గెలిచి 11-2 మీదున్న రోజు కూడా బావ మొహం ముడుచుకునే కూర్చున్నాడు. "గెలుస్తున్నాం సరే, పాసింగ్ ఏదీ?" విందులో వంకాయ కూర అద్భుతంగా ఉంటే పెరుగు పులుపెంతో చూసే నాలుక అది. 2025 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీ చీఫ్స్ మీద 40-22తో సూపర్ బౌల్ గెలిచాక మా ఇంటికొచ్చి, "మనం కొట్టేశాం రా!" అన్నాడు.

ఆ "మనం" గమనించాలి. "మేము" అని ఉండొచ్చు. అనలేదు. ఆట మధ్యలో నిద్రపోయిన నన్ను కూడా కలుపుకున్నాడు. గెలిచిన రోజు ఆయన బహువచనం అంత పెద్దది. ఓడిన రోజు భారం మా ఎవరి మీదా వేయడు. "వాడు ఓడించాడు" అంటాడు, ఏకవచనంలో. ఫ్రిస్కో తమ్ముడు కూడా ఆ రాత్రి ఫోన్ చేసి, "మూర్ మా దగ్గర తయారైన మనిషే కదా" అన్నాడట.

మూర్ న్యూ ఆర్లీన్స్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళాక కెవిన్ పటూలోకి ఆ కుర్చీ దక్కింది. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ అదే మనిషి, బార్క్‌లీ అదే మనిషి. లేన్ జాన్సన్ లాంటి లైన్‌మన్ గాయంతో కూర్చున్నాడని ఎవరో అంటే, "సాకులు" అని బావ ఒక్క మాటలో వైద్యం చేసేశాడు. నవంబర్ చివర్లో బేర్స్ చేతిలో 24-15తో ఓడాక, న్యూజెర్సీలోని పటూలో ఇంటి మీద ఎవరో కోడిగుడ్లు కొట్టారు. ఆ ఏడు మొదట్లో డజను గుడ్లు ఆరు డాలర్లు దాటిన దేశంలో, అంత ఖరీదైన వస్తువుతో అభిప్రాయం చెప్పడమంటే మాటలు కాదు. బావ మాత్రం ఖండించాడు. "తప్పు కదూ. ఇంట్లో పిల్లా పాపా ఉంటారు" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఊపిరి తీసుకుని, "కానీ థర్డ్ డౌన్లో అదేం కాల్ రా?" అన్నాడు.

2026 జనవరిలో ప్లేఆఫ్స్ మొదటి మెట్టు మీదే ఫార్టీనైనర్స్ 23-19తో ఇంటికి పంపారు. ఆ వారంలోనే పటూలోని తప్పించారు. బేస్‌మెంట్‌లో టీవీ కట్టేశాక బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ప్లేట్లో బజ్జీలు చల్లారి నూనె పేరుకుంది. ఆరు నెలలు రోజూ తలుచుకున్న మనిషి ఒక్కసారిగా దూరమైతే ఎవరికైనా వెలితిగానే ఉంటుంది.

కొత్తాయన పేరు ప్రకటించాక కార్లోంచి ఫోన్ చేశాడు. గొంతులో ఎంత దయో. "కొత్త మనిషి రా. కుదురుకోవాలి. జనం తొందరపడకూడదు. నేనైతే ఒక్క మాట అనను."

"ఎన్నాళ్ళు బావా?"

"సెప్టెంబర్ దాకా అననంటే అనను."

సీజన్ మొదలయ్యేది సెప్టెంబర్లోనే. నేను ఆ మాట అనేలోపు అవతల అక్క గొంతు వినిపించింది: "ఎగ్జిట్ ఇదేనా అండీ?" బావ నాకు కొత్తాయన వయసు, అనుభవం, ఆయనకి మనం ఇవ్వాల్సిన అవకాశం వివరిస్తూనే ఉన్నాడు. ఇండికేటర్ టిక్ టిక్‌మంటూ కాసేపు మోగి ఆగిపోయింది.

"ఆఁ," అన్నాడు బావ, "ఇందాకటిదే."