ఏ కుంపటి కావాలి మావయ్యా?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి నూకలు చెల్లాయి. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 11 ఎక్కించుకునే యోగ్యత దానికి లేదని అదే తెర మీద రాసి మరీ చెప్పింది. మేనల్లుడికి ఫోన్ చేస్తే ఆదివారం పొద్దున్నే పెన్‌డ్రైవ్ పట్టుకుని దిగాడు. లినక్స్ వేస్తానని కూర్చుని, కాఫీ సగం తాగాక అడిగాడు:

"ఏ డెస్క్‌టాప్ కావాలి మావయ్యా?"

"ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఏమిట్రా?"

జాలిగా చూశాడు. తెర కింద పట్టీ, మెనూలు, కిటికీల అంచులు, ఫైళ్ళు తెరిచే డబ్బా, ఈ సరంజామా మొత్తాన్ని డెస్క్‌టాప్ అంటారట. విండోస్‌లో వాళ్ళు పెట్టిందే తినాలి. ఇక్కడ మన ఇష్టం. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్, మాటే, బడ్జీ, ఎల్‌ఎక్స్‌క్యూటీ... చదువుకుంటూ పోతున్నాడు. సినమన్ అంటే దాల్చినచెక్క. అది మింట్ అనే లినక్స్‌తో వస్తుంది, అంటే పుదీనా. మాటే అనేది అర్జెంటీనా వాళ్ళు కాచుకు తాగే ఆకు. కుర్రాడు మధ్యాహ్నం బిర్యానీకి సరుకులు రాయిస్తున్నాడేమోనని మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఎంచుకునే స్వేచ్ఛ మావయ్యా! లినక్స్ గొప్పదనమే అది."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముద్ద నోట్లో పెట్టుకోనివాణ్ణి పట్టుకుని ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెబుతాడు? పైగా ఏం చెప్పినా తప్పే. "ఏదో ఒకటి వెయ్యరా" అంటే మనకి అభిరుచి లేదు. ఏదైనా ఒక పేరు చెబితే "అదా!" అని పెదవి విరుస్తారు.

నిజానికి ఇదంతా మామూలు మనిషి కోసమే మొదలైంది. 1996లో, అదీ సరిగ్గా అక్టోబరు 14నే, మథియాస్ ఎట్రిష్ అనే జర్మన్ విద్యార్థి కేడీఈని ప్రకటించాడు. ఒక్కో ప్రోగ్రాము ఒక్కో వేషంలో ఉంటే జనం వాడలేరు, అన్నీ ఒకే పోలికలో ఉండాలన్నది ఆయన తాపత్రయం. అన్నీ ఒకే పోలికలో! ఏడాది తిరక్కుండానే మెక్సికో నుంచి మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మెనా అనే ఇద్దరు గ్నోమ్ మొదలెట్టారు. కారణం న్యాయమైనదే. కేడీఈ నిలబడ్డ క్యూటీ అనే పునాదికి అప్పట్లో లైసెన్సు పేచీ ఉండేది. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చేసింది, పేచీ తీరిపోయింది. మరి రెండిళ్ళూ కలిశాయా? గట్టు తగాదా కోర్టులో తేలాక మీ ఊళ్ళో ఏ అన్నదమ్ములైనా ఒక పంక్తిలో కూర్చుని భోంచేశారా?

తరవాత కాపురాలు విడిపోవడమే ఆనవాయితీ అయింది. 2011లో గ్నోమ్ 3 వచ్చి, కిటికీని కిందికి దించే బొత్తాన్ని పీకేసింది. ఎందుకయ్యా అంటే మీకు దాని అవసరం లేదన్నారు. అలిగినవాళ్ళు గ్నోమ్ 2 నాటి పాత గిన్నెలన్నీ మూటకట్టుకుపోయి మాటే పెట్టుకున్నారు. మింట్ వాళ్ళు గ్నోమ్ 3 గోడలకే వేరే సున్నం వేసి సినమన్ అన్నారు. ఆ ఏడాదే ఉబుంటు తన సొంత డెస్క్‌టాప్‌ని పెద్దపీట మీద కూర్చోబెట్టింది. దాని పేరు యూనిటీ. ఐక్యత అని పేరు పెట్టి ఇంకో కుంపటి రాజేశారన్నమాట. ఐక్యవేదిక అన్న మాట వినపడితే చీలిక ఖాయమని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మన రాజకీయాలు నేర్పిన చదువది. 2017లో ఉబుంటు దాన్ని వదిలేసి బుద్ధిగా గ్నోమ్ గుమ్మం ఎక్కింది.

లినక్స్ కెర్నెల్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ సంగతే చూడండి. 2005లో గ్నోమ్ వాళ్ళని తిట్టిపోసి అందరూ కేడీఈ వాడండని చెప్పాడు. 2008లో కేడీఈ 4 సగం ఉడికీ ఉడక్కుండా దిగింది. దాన్ని తిట్టి గ్నోమ్‌కి మారాడు. 2011లో గ్నోమ్ 3ని తిట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈకి పోయాడు. 2013 నాటికి మళ్ళీ గ్నోమ్‌లో తేలాడు. ఇల్లు కట్టిన మేస్త్రీయే ఏ గదిలో పడుకోవాలో తెలియక చాప చంకన పెట్టుకుని తిరుగుతుంటే, అద్దెకి దిగిన నన్ను అడుగుతాడు మా వాడు, ఏ గది కావాలని.

మా వాడిది కేడీఈ మతం. వాడి స్నేహితుడిది గ్నోమ్. ఆ గ్నోమ్ అనేది మడి కట్టుకున్న వంటిల్లు, దేన్నీ ముట్టుకోకూడదు. 2018లో డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పెట్టుకునే వీలు కూడా తీసేశారు. బల్ల ఉంటుంది, బల్ల మీద ఏమీ ఉండకూడదు. కావాలంటే ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటారు. ఆరు నెలలకోసారి కొత్త గ్నోమ్ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆ ఎక్స్‌టెన్షన్లలో కొన్ని మూలన పడతాయి. కేడీఈలో దీనికి తలకిందులు, సెట్టింగుల సంత. ఇక ఎక్స్‌ఎఫ్‌సీఈ భక్తులు ర్యామ్ లెక్కల మనుషులు. కొత్త బండి కొన్నవాణ్ణి లీటరుకి ఎంతిస్తోందని అడిగినట్టు, బూట్ అయ్యాక ఎంత తింటోందని అడుగుతారు. నాలుగొందల మెగాబైట్లు మిగిల్చామని మీసం తిప్పుతారు. ఆ చెయ్యి దించకుండానే క్రోమ్ తెరుస్తారు.

నాకు కావలసింది మాత్రం ఒక్కటే, తెలుగు టైపు కొట్టడం. అది నాలుగుసార్లు చెప్పాను. మా వాడు ప్లాస్మా వేసి, కిటికీలు కదిపినప్పుడల్లా జెల్లీలా వణికే హంగు పెట్టి, తెర కింద పట్టీని గాలిలో తేల్చి, మూడు రకాల చీకటి రంగులు మార్చి చూపించాడు. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. "తెలుగేదిరా?" అన్నాను. తెలుగు టైపు చెయ్యాలంటే ఐబస్ అనే ప్రోగ్రాము వెయ్యాలన్నాడు. వేశాడు. రాలేదు. గంటసేపు తల గోక్కున్నాక తేలిందేమిటంటే, వేలాండ్ అనే తెర వ్యవస్థ మీద నడిచే ప్లాస్మాలో ఆ ఐబస్‌ని వర్చువల్ కీబోర్డ్ అనే పేజీలోకి వెళ్ళి ఎంచుకోవాలి. బల్ల మీద టకటకమనే అసలు కీబోర్డు పని చేయడానికి మిథ్యా కీబోర్డు తలుపు తట్టాలి! శంకరాచార్యులవారు వింటే సంతోషించేవారు.

వచ్చాక మొదట "లక్ష్మి" అని కొట్టాను. క కింద ష, దాని కింద మ, ఎక్కడివక్కడ పొందిగ్గా కూర్చున్నాయి. "చూశావా, కేడీఈ!" అన్నాడు మా వాడు. కాదు నాయనా. ఆ ఒత్తుల్ని కూర్చోబెట్టింది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. గ్నోమ్‌లోనూ అదే, ప్లాస్మాలోనూ అదే, నీ బిర్యానీ దినుసులన్నిట్లోనూ అదే. దాని పేరు మీద ఎవడూ ఎవడితోనూ కొట్లాడగా నేను చూడలేదు.

మర్నాడు మా ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, కరెంటు బిల్లు కట్టి, మనవరాలి ఫోటోలు చూసుకుని మూసేసింది. ఎలా ఉందని అడిగాను.

"ఏది?" అంది.

నిన్న రాత్రి మళ్ళీ వాడి ఫోను. "మావయ్యా, ఆదివారం వస్తున్నా. ప్లాస్మా తీసేద్దాం. కాస్మిక్ అని కొత్తది వచ్చింది, మొత్తం రస్ట్‌లో రాశారు తెలుసా!"

"రస్ట్ అంటే తుప్పేగా? వచ్చేటప్పుడు ఉప్పుకాగితం తీసుకురా. మన గేటుకి కూడా ఉంది."