జనవరి 30 దాకా ఆయుష్మాన్‌భవ

మన పెద్దవాళ్ల కాళ్లకు మొక్కితే నిండు నూరేళ్లు బతకమని దీవిస్తారు. అమెరికా కాంగ్రెసు చెయ్యి అంత ధారాళం కాదు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో డాక్టరుకు మొహం చూపించుకునే ముసలివాళ్లకు అది 2025 నవంబరులో ఇచ్చిన దీవెన: 2026 జనవరి 30 దాకా ఆయుష్మాన్‌భవ. ఆపైన దైవేచ్ఛ, బడ్జెట్ బిల్లు చిత్తం.

అరవై అయిదేళ్లు నిండినవాళ్లకు ఇక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. దూరవైద్యానికి అది డబ్బు కట్టే పద్ధతి 2001 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అసలు షరతులు వింటే నవ్వాపుకోలేరు. రోగి పల్లెటూళ్లో ఉండాలి. ఉన్నా ఇంట్లో కూర్చోకూడదు. క్లినిక్కుకో ఆసుపత్రికో వెళ్లి, అక్కడి తెర ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న డాక్టరుతో మాట్లాడాలి. గుడిదాకా నడిపించి, అక్కడ టీవీలో వెంకన్న దర్శనం చేయించినట్టు.

ఈ లెక్కన న్యూజెర్సీలోని మన ఐసెలిన్‌కు అసలు యోగమే లేదు. ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారం సాయంత్రం పార్కింగు కోసం మూడు చుట్లు తిరిగినవాడెవడూ ఇది పల్లెటూరని ప్రమాణం చెయ్యడు. మెట్రోపార్క్ స్టేషను ఉందిగా అంటారా? ఆ రైలు కొడుకును మన్‌హట్టన్ తీసుకుపోవడానికి. కొడుకు రైలెక్కాక, మోకాళ్లరిగిన పిన్నిగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదెవరు?

2020 మార్చిలో కరోనా వచ్చి చట్టానికి బుద్ధి చెప్పింది. పట్నమైనా పల్లె అయినా సరే, ఇంటి నుంచే చూపించుకోవచ్చన్నారు. పిన్నిగారు సోఫాలో కూర్చుని బీపీ మిషను అంకెలు చదివారు. కాలి వాపు కెమెరాకు చూపించారు. మనవడు పక్కన కూర్చుని దుబాసీ పని చేశాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

అలాంటప్పుడు శాశ్వతం చేసెయ్యొచ్చుగా? అబ్బే, చీటీల వ్యాపారిలా వాయిదాలు. 2024 డిసెంబరు 31 అన్నారు. అది దగ్గర పడగానే 2025 మార్చి 31 అన్నారు. ఆ తర్వాత సెప్టెంబరు 30. ఆ గడువు దాటిన మర్నాడే ప్రభుత్వం తలుపులు మూసుకుంది, 43 రోజులు. వాషింగ్టన్‌లో పద్దులు కుదరలేదని ఐసెలిన్‌లో పిన్నిగారి షుగరుకు ఎవరు కబురు పెట్టాలి? మెడికేర్ కట్టకపోతే నేనే కట్టుకుంటానని రోగి చేత ముందే సంతకం పెట్టించుకోవచ్చని డాక్టర్లకు సలహా మాత్రం అందింది. నవంబరు 12న తలుపులు తెరిచాక, మధ్యలో పోయిన రోజులకు కూడా చెల్లిస్తామన్నారు. అక్టోబరులో చెల్లని వైద్యం నవంబరులో వెనక్కి నడిచి వెళ్లి చెల్లిపోయింది. భయపడి మానుకున్న అపాయింట్‌మెంట్లను మాత్రం ఏ చట్టమూ వెనక్కి తేలేదు.

ఇందులో శరీరభాగాల వారీగా పక్షపాతం కూడా ఉంది. మానసిక చికిత్సకు ఇల్లు శాశ్వతంగా పనికొస్తుంది. మోకాలికి పనికిరాదు. పక్షవాతం వచ్చి పడితే తెర మీద నిపుణుడు చూడడానికి 2019 నుంచి ఊరి పట్టింపు లేదు. అది రాకుండా బీపీ చూపించుకుంటానంటే మాత్రం, నీది పల్లెటూరా అని అడుగుతుంది పాత చట్టం.

శాశ్వతం చెయ్యడానికి ఎందుకింత బెంగ అంటే, మోసాలు జరుగుతాయంటారు. జరిగాయి, కాదనను. 2019 ఏప్రిల్‌లో న్యాయశాఖ 24 మంది మీద కేసులు పెట్టింది. కొందరు డాక్టర్లు రోగిని చూడనైనా చూడకుండా, లేదా ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి, నడుం పట్టీలూ మోకాలి పట్టీలూ రాసిపారేశారు. నష్టం 120 కోట్ల డాలర్ల పైమాటే అన్నారు. కానీ తారీఖు చూడండి: 2019. పల్లెటూరి షరతు నిక్షేపంలా అమల్లో ఉన్న రోజులవి. ఆ షరతు దొంగనైతే ఆపలేకపోయింది. పిన్నిగారిని ఆపడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం విన్నాం. ఇక్కడ ఎలుకలు పక్కింట్లో ఉంటే మన ఇంటికి పెడుతున్నారు.

మనం వదిలి వచ్చిన దేశంలో ఈ-సంజీవని అనే ఉచిత సేవ ఉంది. 2023 ఫిబ్రవరికే పది కోట్ల సంప్రదింపులు దాటింది. దానికి లోపాలు లేవని కాదు. రోగి తన ఇంట్లో ఉండటం మాత్రం అక్కడ లోపం కాదు.

ఈ ఊరి పట్టింపును సడలించాలని సెనేట్‌లో 2016లోనే కనెక్ట్ ఫర్ హెల్త్ అనే బిల్లు పెట్టారు. 2025లోనూ మళ్లీ పెట్టారు. 2025 చివరికి బిల్లుకు పదో ఏడు నడుస్తున్నా, చట్టమయ్యే యోగం మాత్రం రాలేదు.

కాబట్టి కొడుకులారా, కూతుళ్లారా, కోడళ్లారా, అల్లుళ్లారా! మీ ప్రతినిధి ఆఫీసుకు ఒక్క ఫోన్ కొట్టండి. ఇంట్లోంచి ఫోన్‌లో చెప్పుకున్న బాధ చెల్లుతుందో లేదో, వాళ్లనే అడగండి.