స్పార్క్ ప్లగ్గు సాక్ష్యం

బండి లాగకపోతే మొట్టమొదట నన్నే విప్పుతారు. ‘ప్లగ్గు మార్చి చూడు’ అన్నది మెకానిక్ షెడ్డులో ఉచిత వైద్యం. లోపం ఎవరిదైనా ఊడేది నేను. దానికి నాకు కోపం లేదు. మంటలో తల పెట్టి, బయటికొచ్చి ఆ ముఖాన్ని చూపించగలిగేది ఇంజిన్‌లో నేనొక్కణ్నే కదా! నా మూతి దగ్గరి పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే లోపల అంతా క్షేమం. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువైంది. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు, ఇంజిన్ కాలిపోతోంది. చూడ్డం వచ్చినవాడికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. చూడ్డం రానివాళ్లే ఎక్కువ.

నా కాపురం యమహా ఆర్‌ఎక్స్ 100 తలలో. 1985లో మన దేశంలోకి వచ్చి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ, 11 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది, ఎక్కినవాడు నవ్వడు. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజిన్ తిరిగిన ప్రతి చుట్టుకీ నేను ఒకసారి నిప్పు వెయ్యాలి. నిమిషానికి 7500 చుట్లంటే సెకనుకు 125 సార్లు. ఈ బండి మామూలుది కూడా కాదు. చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో రేసులు ఆడినదట. అక్కడి ట్రాకు 1990లో మొదలైంది, చుట్టు 3.717 కిలోమీటర్లు. అంతకుముందు చెన్నై రేసులన్నీ షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి. ఈ కథలన్నీ కార్బురేటర్ చెప్పగా విన్నవే. బండి డొరగుడ వచ్చాకే నేను దీనికి బిగిసినవాణ్ని.

డొరగుడ అంటే రాయగడ జిల్లా, కాశీపూర్ బ్లాకు, టికిరి దగ్గర. బాఫ్లిమాలి కొండ మీద తవ్విన బాక్సైటు బెల్టు మీద దిగొచ్చి, ఇక్కడి ఉత్కల్ అల్యూమినా ఫ్యాక్టరీలో తెల్లటి పొడిగా మారుతుంది. మావాడు బొబ్బిలి వైపు నుంచి ఫిట్టరు పనికొచ్చిన కుర్రాడు. పాత రేసు బండిని కొని, రంగు వేయించి, మళ్లీ ట్రాకు ఎక్కించాలని వాడి సరదా.

రోగం చిత్రమైనది. స్టార్టింగ్ బ్రహ్మాండం, పికప్ బ్రహ్మాండం, ఊళ్లో తిరిగితే పేరు పెట్టనక్కర్లేదు. ఖాళీ రోడ్డు దొరికి, ఆఖరి గేరులో పూర్తి రేస్ ఇచ్చి కొంతదూరం పోయాక మాత్రం నీరసపడిపోతుంది. రేస్ తగ్గిస్తే కొంచెం కోలుకుంటుంది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. లోపల కూర్చున్న నాకు తెలుసు ఏం జరుగుతోందో. వచ్చే ఆవిరిలో పెట్రోలు పలచబడుతూ పోయేది. పెట్రోలు మండటానికే కాదు, చల్లబరచడానికి కూడా. అది తగ్గితే నా మూతి కాగిపోతుంది. 450 డిగ్రీల దిగువన ఉంటే మసి పడతాను, 850 దాటితే నేను నిప్పు వెయ్యకముందే నా వేడికే మిశ్రమం అంటుకుంటుంది. ఆ పైగీత దాకా పోయి వచ్చేవాణ్ని.

కుర్రాడు బండిని మెల్లగా షెడ్డుకి తెచ్చేవాడు. మెకానిక్ నన్ను విప్పి చూస్తే నల్లటి మసి! ఉండదా మరి? కిలోమీటర్ల కొద్దీ చిన్న రేస్ మీద వచ్చానుగా. ప్లగ్గు చివరగా చేసిన పనే దాని ముఖం మీద ఉంటుంది. ఆ మెకానిక్ తెలివితక్కువవాడు కాడు. ఎత్తు ప్రదేశం, గాలి పలచన, అందుకే పెట్రోలు ఎక్కువవుతోందని లెక్క వేశాడు. లెక్క నిజమే, ఈ రోగానికి వర్తించదంతే. మెయిన్ జెట్టు తీసి చిన్నది వేశాడు. పూర్తి రేస్‌లో పెట్రోలుకి ద్వారం అదే. అసలే చాలని పెట్రోలు ఇంకా తగ్గింది.

తర్వాతి పరుగులో పిస్టన్ పట్టేసింది. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. క్లచ్ పట్టుకోబట్టి కుర్రాడు బతికాడు. నా పింగాణీ మీద మెరిసే చుక్కలు అతుక్కున్నాయి, పిస్టన్ కరిగి చిందినవి. నాలుగు టన్నుల బాక్సైటుకి రెండు టన్నుల అల్యూమినా, దానికి ఒక టన్ను లోహం అంటారు. అంత శ్రమకోర్చి కొండలోంచి తీసిన లోహం నా మూతి మీద మిరియపు పొడిలా మిగిలింది.

అప్పుడొచ్చాడు కుర్రాడి మేనమామ. సునాబెడా హెచ్‌ఏఎల్‌లో, మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసే చోట, పనిచేసి రిటైరైన మనిషి. బండి ముట్టుకోలేదు, ముందు కుర్రాణ్ని పట్టుకున్నాడు.

“ఏటిరా అల్లుడూ, లాగడం మానేశాక నువ్వేటి సేస్తావు?”

“ఆపి, ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో సూస్తాను మావా.”

“ఉంటాదా?”

“ఉంటాది. మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే ఎల్లిపోద్ది.”

మావ నవ్వాడు. “మా కాడ ఇంజిన్ని టెస్ట్ బెడ్డుకి కట్టి, ఫుల్ పవర్ మీద నడపకుండా గేటు దాటనివ్వం. నువ్వు నిలబెట్టి సూస్తన్నావు. పద రోడ్డుకి.”

పిస్టన్, బోరు బాగుచేయించి, పాత జెట్టే వేయించి, లారీలు లేని వేళ బయల్దేరదీశాడు. పూర్తి రేస్‌లో బండి నీరసపడుతున్న ఆ క్షణంలోనే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేయమన్నాడు. చిన్న రేస్ మీద ఒక్క మీటరు కూడా నడవకూడదు. అక్కడే, రోడ్డు పక్కనే నన్ను విప్పారు. తెల్లగా పాలిపోయి ఉన్నాను. నా నిజమైన ముఖం వాళ్లు చూడటం అదే మొదలు.

కుర్రాడి చెయ్యి అలవాటుగా ట్యాంకు మూత మీదికి పోయింది. మావ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. కార్బురేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి సీసాలో పెట్టాడు. సన్నటి ధార, తర్వాత బొట్లు, తర్వాత అదీ లేదు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలుంది. “ఇప్పుడు తియ్యి,” అన్నాడు. మూత వదులవగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, సీసాలోకి ధార దూకింది.

మూతలో గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. రంగు వేసినవాడెవరో దాన్ని పూడ్చేశాడు. పెట్రోలు దిగినంత గాలి పైనుంచి రావాలి, లేకపోతే ట్యాంకు పెట్రోలుని వదలదు. ఊళ్లో తిరిగేటప్పుడు వాషరు సందుల్లోంచి దూరే గాలి సరిపోయేది, పూర్తి రేస్ దాహానికి చాలేది కాదు. ఆపిన ప్రతిసారీ మూత తెరిచి కుర్రాడే రోగాన్ని మాయం చేసి, షెడ్డుకి ఆరోగ్యంగా ఉన్న బండిని తీసుకెళ్లేవాడు!

పిన్నీసుతో రంధ్రం పొడిచారు. మళ్లీ పరిగెత్తించి, అలాగే నడిరోడ్డు మీద ఆపి చూస్తే ఈసారి నా మీద పల్చటి మసి. కొండగాలికి నిజంగానే పెట్రోలు కాస్త ఎక్కువవుతోంది. ఇప్పుడు మావే ఒక మెట్టు చిన్న జెట్టు వేశాడు. ఆ మెకానిక్ మొదట వేసింది కూడా అదే!

అయినా కుర్రాడికి తృప్తి లేదు. “చెన్నైలో లాగినంత లాగట్లేదు మావా.”

“వెయ్యి మీటర్లు ఎక్కితే పదోవంతు గాలి పోద్దిరా. గాలిక్కూడా బోరు సేయిస్తావేటి?”

వాడు అప్పటికే ఫోనులో రేసింగ్ సైలెన్సర్ల ధరలు చూస్తున్నాడు. అది బిగిస్తే జెట్టు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.