పచ్చపురుగు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏవండీ, మావిడి మొద్దుకి పచ్చగా, మెత్తగా ఏదో పురుగు అంటుకునుందండి. పక్కనే దాని డొల్ల కూడా ఉందండి. ఏటా ఈ రోజుల్లోనే వత్తదండి. కుడద్దేమోనండి, ఆయ్!"

అవతారిక: రోహిణి కార్తెలో ఒక రాత్రి కడియం నర్సరీలో నీళ్ళు కట్టబోయిన మాలి, టార్చి వెలుగులో ఒక కీటకమును గాంచి యజమానితో ఇట్లనుచున్నాడు. రసం భయానకం.

టీక: ఏవండీ = ఓ యజమానీ! స్పష్టం.

డొల్ల = విడిచిన కుబుసం. వాక్యానికి ఇదే ప్రాణం. తొందరపాటు వ్యాఖ్యాతలు దీన్ని దాటేసి 'పచ్చగా' మీద పడతారు. కుబుసపు ముంగాళ్ళు చూడుడు: మన్ను తవ్వడానికి లావుగా, పళ్ళతో ఉన్నవి. వీపున నిలువు చీలిక. అందులో తెల్లని పోగులు, ఊపిరి గొట్టాల లోపొర. కనుక ఇది కీచురాయి. రెక్కలు రుద్ది రాత్రంతా అరిచే మిడతల చుట్టం కాదు. చెట్టెక్కి చెవులు చిల్లులు పొడిచేది, శాస్త్రజ్ఞుల సికాడా. మీసాలు వెంట్రుకంత. పెద్ద కళ్ళు రెండు, నడుమ నుదుట చిన్నవి మూడు. ద్రాక్షారామ భీమేశ్వరుని కన్నా రెండెక్కువ.

పచ్చగా = లేతగా. శంక: ఇది పచ్చ జాతి కాదా? సమాధానం: కావచ్చు, కానీ ఈ పచ్చదనం అందుకు రుజువు కాదు. గోధుమ, నలుపు రంగులకు తిరిగేవి కూడా కుబుసం వీడగానే ఇలా పాలిపోయే ఉంటాయి. చర్మం గట్టిపడేకొద్దీ గంటల్లో అసలు రంగు తేలుతుంది. 1906లో బ్రిటిష్ ఇండియా సికాడాలను గ్రంథస్థం చేసిన డిస్టాంట్ దొర వర్ణించినవి సూదికి గుచ్చి ఆరిన నమూనాలు. వాటితో ఈ రాత్రి పురుగును పోల్చడం వ్యర్థం. అమరసింహుడు అమరకోశపు సింహాదివర్గంలో ఝిల్లికకు, అంటే కీచురాయికి, పర్యాయపదాలిచ్చి, రంగు జోలికి పోలేదు. జాగ్రత్తపరుడు.

మెత్తగా = ముట్టరాదని ధ్వని. రెక్కలు విచ్చుకునేటప్పుడు కదిపితే వంకరగానే గట్టిపడతాయి.

ఏటా = ప్రతి సంవత్సరం. దీన్నిబట్టి ఆయువు ఏడాదే అనుకోరాదు. ఏటా కనిపించే సికాడాల్లో చాలా జాతులు వేళ్ళ రసం తాగుతూ నేలలో కొన్నేళ్ళు గడుపుతాయి. ఏటేటా వేరే జట్టు పైకొస్తుంది. అందరూ ఒక్కసారే లేచే వ్రతం మేఘాలయ రి భోయ్ జాతిది, నాలుగేళ్ళకోసారి. అమెరికాలో 13, 17 ఏళ్ళవి. 2024లో రెండింటిలోంచీ ఒక్కో జట్టు ఒకే వేసవిలో లేచి ఇల్లినాయ్‌లోని మనవాళ్ళ చెవులకు పరీక్ష పెట్టాయి.

కుడద్దేమో = భ్రాంతి. కొండి లేదు, ఉన్నది రసం పీల్చే ముక్కు.

తాత్పర్యం: ఈ రాత్రికి 'కీచురాయి' అని ఊరుకోవాలి. జాతి పేరు మర్నాడు రంగు తేరాక, మగదైతే కూత విన్నాక. ఫొటో తీసేవారు కుబుసాన్ని కూడా అదే బొమ్మలో పట్టండి. తెల్లారాక పురుగు ఇంకా మొద్దు మీదుంటే, రెండో ఫొటో తీయకుండా పేరు అడక్కండి.