అరవై దాటినవాళ్ళకి బేగంపేట ఇప్పించండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారి దివ్యసముఖమునకు,

(నకలు: కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి. ఇందులో వారి వాటా కూడా ఉంది. చదవకుండా పక్కన పడెయ్యొద్దని మనవి.)

సికింద్రాబాదు, వెస్ట్ మారేడుపల్లి వాస్తవ్యుడు, రిటైర్డ్ ఉద్యోగి, బీపీ షుగరు రెంటికీ సమానంగా మందులు మింగేవాడు వ్రాసుకొను విన్నపము ఏమనగా:

అయ్యా, బెజవాడలో పెళ్ళి ఉంది. నేను కార్లో వెళ్దామంటున్నాను. మా పెద్దాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "ఈ వయసులో అంతదూరం డ్రైవింగేంటి నాన్నా, ఫ్లైటెక్కితే గంటలో దిగుతారు" అని మందలిస్తున్నాడు. ఆ గంట సంగతి తమరి దగ్గరే తేల్చుకుందామని ఈ ఉత్తరం.

ఒకప్పుడు మాకు విమానాశ్రయమంటే బేగంపేట. ప్యారడైజ్ దాటితే వచ్చేసేది. ఆటోవాడు మీటరు మీద ఓ పది ఎక్కువ అడిగితే దండగనుకునేంత దగ్గర. 2008 మార్చి 23న మామూలు ప్రయాణికులకు దాని తలుపులు మూసి అందరినీ శంషాబాదుకు తరలించారు. తరలించడం తప్పని నేననను. ఊరి నడుమ, ఇళ్ళ కప్పుల మీంచి ఎన్నాళ్ళని విమానాలు దింపుతారు? కొత్తదాని అద్దాలూ, పచ్చికా చూసి మేమూ మురిసిపోయాం. అయితే ఆ రోజు నుంచి సికింద్రాబాదు వాడు విమానం ఎక్కాలంటే ముందు ఓ రోడ్డు ప్రయాణం చేసి తీరాలి. తార్నాక, ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా వెళ్ళినా, మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మెట్రో అక్కడిదాకా లేదు. ట్రాఫిక్ దయతలిస్తే గంటంబావు, లేకపోతే గంటన్నర. అక్కడ రెండు గంటలు ముందుగా ఉండాలి. ఆపైన మా వాడు చెప్పిన గంట. బెజవాడ విమానాశ్రయం గన్నవరంలో పెట్టె కోసం బెల్టు దగ్గర కాపలా, అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఇరవై కిలోమీటర్లు. అన్నీ కూడితే అయిదున్నర గంటలు దాటుతుంది. మా గుమ్మం నుంచి బెజవాడ కల్యాణమండపానికి కార్లో రమారమి 280 కిలోమీటర్లు. దారిలో టిఫినుతో సహా అదే అయిదున్నర.

సమయం సమానమైనప్పుడు ఇక చూడాల్సింది ఆ సమయం ఎలా గడుస్తుందన్నది. కార్లో కూర్చుని వెళ్తాం. విమాన ప్రయాణంలో సగానికి పైగా నిలబడి వెళ్తాం. గేటు దగ్గర నిలబడాలి, తనిఖీ దగ్గర నిలబడాలి, బెల్టు తీసి ప్యాంటు ఓ చేత్తో పట్టుకుని మరీ నిలబడాలి. మోకాలి చిప్ప మార్పించుకున్న మా బావగారైతే మెటల్ డిటెక్టర్ కింద కాలు పెట్టిన ప్రతిసారీ అది కూస్తుంది, ఆయన ప్యాంటు పైకి లాగి కుట్లు చూపిస్తారు. ఇంత అయ్యాక మన గేటు నంబరు ఎప్పుడూ ఆ చివరిదే. చిన్న ఊళ్ళకి వెళ్ళేవి చాలావరకు పంకాల ఏటీఆర్ విమానాలు. వాటికి వంతెన ఉండదు. బస్సెక్కి, బస్సు దిగి, ఎండలో ఇనప మెట్లెక్కి, తల వంచి లోపలికి దూరాలి.

చక్రాల కుర్చీ అడగొచ్చుగా అంటారు. అడగొచ్చు. అడిగితే కుర్చీ దొరికే లోపల ఇద్దరు ముగ్గురు మనల్ని ఎగాదిగా చూస్తారు, వరుస తప్పించుకోవడానికి వేషం వేస్తున్నామని. అలా వేషం వేసేవాళ్ళూ ఉన్నారు, కాదనను. నవ్వులాటకి లొంగని సంగతి కూడా ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో ఎనభై ఏళ్ళ పెద్దాయన, ఉన్న ఒక్క కుర్చీ భార్యకిచ్చి తాను పక్కనే నడుస్తూ ఇమ్మిగ్రేషన్ దగ్గర కుప్పకూలి పోయారు. ఆయన వచ్చిన విమాన సంస్థకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 30 లక్షల జరిమానా వేసింది. జరిమానా వేశారు, సంతోషం. ఆ నడక దూరం ఎంత తగ్గించారో కూడా చెబితే ఇంకా సంతోషిస్తాం.

ఇక ఆవకాయ. ఓ విమానాశ్రయంలో మా ఆవిడ చేతిసంచీ తెరిపించారు. ఆ కుర్రాడు సీసా బయటికి తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, మూత తిప్పి వాసన చూశాడు. చూసి కాసేపు ఏమీ అనలేదు. పక్కనున్న వాణ్ణి పిలిచి అతనికీ చూపించాడు. తర్వాత చాలా బాధగా, "ఆయిల్ హై మాజీ, నహీ జాయేగా" అన్నాడు. మా ఆవిడ హిందీలో జవాబు చెప్పలేక తెలుగులో అడిగింది, "నూనె లేకుండా ఆవకాయ ఎలా పెడతారు నాయనా?" అని. శబరిమల వెళ్ళే స్వాముల ఇరుముడిలో కొబ్బరికాయని క్యాబిన్‌లోకి అనుమతిస్తూ 2024 అక్టోబరులో తమరి శాఖ కొన్నాళ్ళపాటు వెసులుబాటు ఇచ్చింది. భక్తి అంటే ఆ మాత్రం గౌరవం ఉన్న ప్రభుత్వానికి మా భక్తి ఎలాంటిదో కూడా తెలియాలి.

వందేభారత్ ఉందిగా అంటారేమో. ఉంది. 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు మా స్టేషన్ నుంచే విశాఖకు బయల్దేరదీశారు, బెజవాడలో ఆగుతుంది. కాని రైల్వే మంత్రి గారితో నాకు వేరే లెక్క ఉంది. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీ ఇంకా తిరిగి రాలేదు. ఆ ఉత్తరం విడిగా రాస్తాను.

ఇప్పుడు నకలు అందుకున్న రోడ్ల మంత్రి గారి వంతు. అయ్యా, ముసలివాడికి కావలసింది వేగం కాదు. కావలసినప్పుడు ఆగగలగడం. బీపీ మాత్ర వేసుకున్నవాడికి చౌటుప్పల్‌లో ఒకసారి, నార్కట్‌పల్లిలో ఒకసారి, సూర్యాపేటలో తప్పనిసరిగా ఒకసారి దిగే పని ఉంటుంది. విమానంలో సీటు బెల్టు దీపం వెలిగితే దేవుడే దిక్కు. కార్లో నాకు నేనే కెప్టెన్ని. ఈ ఒక్క కారణానికే నేను బెజవాడ వెళ్ళే 65వ నంబరు రహదారి పక్షం. మరి దిగినచోట ఏముంది? 2025 అక్టోబరులో, టోల్ ప్లాజాల్లో మురికి మరుగుదొడ్డి కనిపిస్తే ఫోటో తీసి యాప్‌లో పంపండి, ఫాస్టాగ్‌లో వెయ్యి రూపాయలు వేస్తామని జాతీయ రహదారుల సంస్థ వారు ప్రకటించారు. ఆలోచన మంచిదే. కాని పరిగెత్తుకుంటూ వెళ్ళిన మనిషి గుమ్మంలో ఆగి, కళ్ళజోడు మార్చుకుని, ఫోన్ తెరిచి, లొకేషన్ ఆన్ చేసి, సమయం పడేలా ఫోటో తీసేదాకా ప్రకృతి పిలుపు ఆగుతుందా? ఈ పథకం రాసినవారి వయసు ముప్పయ్యయిదు దాటి ఉండదని నా నమ్మకం.

2025 ఆగస్టు 15 నుంచి మూడు వేల రూపాయల ఏడాది పాసు ఇచ్చారు, రెండు వందల టోళ్ళు దాటొచ్చు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, రానూపోనూ ఆరు. అంటే ఏడాదిలో ముప్పైమూడు సార్లు బెజవాడ వెళ్ళి రావచ్చు. అంత ప్రేమ మా వియ్యంకుడికి కూడా నా మీద లేదు. ప్రతి ప్లాజా దగ్గరా టోలు కట్టక్కర్లేనివాళ్ళ జాబితా పెద్ద బోర్డు మీద రాసి ఉంటుంది. రాష్ట్రపతి గారి నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ వస్తాను, ముసలివాళ్ళు ఎక్కడా తగలరు. మీ శాఖ మా వయసుని గుర్తుపట్టేది లైసెన్సు దగ్గర మాత్రమే. యాభై అయిదు దాటాక రెన్యువల్ అయిదేళ్ళకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్ కూడా తెమ్మంటారు.

వయసు మీరినవాళ్ళ రోడ్డు ప్రయాణం కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారని మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన పెద్దమనిషి. 1830 మే 18న పల్లకీలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అప్పటికి వయసు యాభై ఏళ్ళు, ఆ కాలపు యాభై. హైదరాబాదు, మా సికింద్రాబాదు చూసుకుని నిర్మల్ మీదుగా నాగపూరు వెళ్ళారు. ఇవాళ కొంపల్లి, మేడ్చల్ దాటి వెళ్ళే 44వ నంబరు రహదారి నాగపూరు దాకా ఇంచుమించు ఆయన వెళ్ళిన దిక్కే. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అందులో ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ బస దొరుకుతుంది, ఎక్కడ సరుకులు దొరకవు అన్నీ ఉంటాయి. రెండు శతాబ్దాల కిందట కోర్టు ఉద్యోగి ఒకరు పల్లకీలో ఊగుతూ రాసిన వివరం, ఉపగ్రహాల కాలంలో జాతీయ రహదారుల సంస్థ బోర్డుల మీద నాకు కనిపించదు. ముందున్న ఊరు ఎంత దూరమో రాస్తారు, ముందున్న మంచి మరుగుదొడ్డి ఎంత దూరమో రాయరు.

నేను గుడ్డిగా రోడ్డు పక్షం వాణ్ణి కాను. కాశీకైతే విమానమే ఎక్కుతాను, రెండు గంటల పని. రాత్రిపూట స్టీరింగు పట్టను. అరవై ఏళ్ళ కంట్లోకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటిలో మూడోవంతేనంటారు డాక్టర్లు. ఆ మూడోవంతునీ ఎదురొచ్చే లారీ ఎల్‌ఈడీ లైట్లు తినేస్తాయి. ఇక కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం విమానంలోనే అనుకునేవాళ్ళకి ఓ మాట. నాలుగు గంటలు దాటితే ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని, కారూ బస్సూ రైలూ కూడా ఇందుకు మినహాయింపు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే తేల్చింది. అసలు ముప్పు ఆరు వేల మందిలో ఒకరికి కాబట్టి గుండెలు బాదుకోనక్కర్లేదు. కార్లో మాత్రం మందు మన చేతిలోనే ఉంది. సూర్యాపేటలో దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నాలుగడుగులు వేసి, ఓ టీ తాగడమే.

కనుక ప్రార్థన. విమానయాన మంత్రి గారూ, బేగంపేట ఖాళీగా లేదని తెలుసు. ప్రముఖుల విమానాలు ఇప్పటికీ అక్కడే దిగుతాయి, వింగ్స్ ఇండియా ప్రదర్శనా అక్కడే పెడతారు. ప్రముఖుల మోకాళ్ళ మీద ఉన్న దయ ప్రజల మోకాళ్ళ మీద కూడా చూపించండి. అరవై దాటినవాళ్ళ కోసం రోజుకి రెండే రెండు విమానాలు. చేతులానించే కుర్చీలు, ఓ ఫ్లాస్కు వేడినీళ్ళు, తెలుగులో గట్టిగా అరిచి చెప్పే మనిషి ఒకడు. అంతకు మించి అద్దాలూ అలంకారాలూ వద్దు. శంషాబాదుకు 150 కిలోమీటర్ల లోపు మరోటి రాకూడదని ఒప్పందం ఉందంటారేమో. వరంగల్ మామునూరు విమానాశ్రయానికి సడలింపు దొరికింది కదా, ఆ చేత్తోనే మాకూ ఇప్పించండి. రోడ్ల మంత్రి గారూ, తమరు ఆ టోలు మినహాయింపుల జాబితా బోర్డు చివర ఒక్క వరస ఖాళీ ఉంచితే చాలు, పెయింటు నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
వెస్ట్ మారేడుపల్లి, సికింద్రాబాదు.

తా.క.: పై అభిప్రాయాలు నావి మాత్రమే. మా ఆవిడ విమానానికే ఓటేసింది. నడక, మెట్లు, ఆవకాయ అన్నీ గుర్తుచేశాను. "అయినా సరే, అందులో స్టీరింగు దగ్గర మీరుండరు కదా" అంది.