మైలేజీ అడగొద్దు, బండి కడగొద్దు

ఏపీ 24, ఏపీ 22 నంబరు ప్లేట్ల స్ప్లెండర్లు, సీడీ హండ్రెడ్‌లు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తెలంగాణ రాకముందు కొన్న బండ్లు. చాలావాటికి 15 ఏళ్లు నిండి, ఆర్సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ కూడా అయింది. ఇవి మెత్తగా నడవాలంటే ఏం చేయాలని అడిగినవాళ్లకు నేను చెప్పేది తలకిందుల సలహాలా వినిపిస్తుంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఈ బండ్లు అంత తొందరగా తుక్కుకు పోవాల్సినవి కావు.

మొదటిది, మైలేజీ అడగకండి. షెడ్డులో బండి స్టాండు వేయగానే మన నోటి నుంచి వచ్చే మాట "అన్నా, జర మైలేజీ పెంచు" అనే. 1985లో సీడీ హండ్రెడ్ వచ్చినప్పుడు పెట్రోలు పోసి మరిచిపొమ్మని కంపెనీ ప్రకటనలు ఇచ్చింది. మైలేజీ అప్పటి నుంచే మన నెత్తికెక్కి కూర్చుంది. మెకానిక్‌కు మనల్ని సంతోషపెట్టే దగ్గరి దారి ఒకటే: కార్బొరేటర్ స్క్రూ తిప్పి, పెట్రోలు తగ్గించి గాలి పెంచడం. దాంతో మిశ్రమం పలచబడుతుంది. లీటరుకు కాస్త దూరం కలిసొచ్చినట్టే ఉంటుంది గానీ, ఎక్స్‌లేటర్ తిప్పితే బండి ఒక క్షణం ఆలోచించి గుంజుతుంది, టాప్ గేరులో నిదానంగా పోతే జర్కులిస్తుంది. పైగా ఇంజన్ వేడెక్కుతుంది. ఇది గాలికి చల్లబడాల్సిన 97.2 సీసీ ఇంజన్. నల్లగొండ మే నెలలో 44 డిగ్రీల ఎండలో, వెనక రెండు పాలక్యాన్లతో, ఆ గాలి దానికి ఏ మూలకూ సరిపోదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బొరేటర్‌లో మిశ్రమం దానంతటదే మరికొంత పలచబడుతుంది. దాన్ని మనం ఇంకా పలచన చేయడమంటే ఇంజన్‌కు అన్యాయం చేయడమే. "మైలేజీ పోతే పోనీ, జర్కు లేకుండా పెట్టు" అనండి. ఇంజన్ బాగా వేడెక్కాక స్క్రూ తిప్పి, ఐడిలింగ్ ఎక్కడ నిలకడగా ఉంటే అక్కడ వదిలేయమనండి. మైలేజీ నిజంగానే పడిపోయి ఉంటే కారణం పట్టేసిన బ్రేకులోనో, దుమ్ము నిండిన ఎయిర్ ఫిల్టర్‌లోనో వెతకాలి. ఫిల్టర్ తీసి పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు. చెల్క భూముల ఎర్రదుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతే పిస్టన్ రింగులు ఎన్నాళ్లు ఆగుతాయి?

రెండోది, పంపు పెట్టి బండి కడిగించకండి. వాటర్ సర్వీసింగ్‌లో ఆ ధార చక్రాల బేరింగుల్లోకి, హ్యాండిల్ కోన్‌సెట్‌లోకి, కేబుళ్లలోకి దూరుతుంది. లోపలి గ్రీసు కొట్టుకుపోయి, ఆ చోటికి చేరిన మట్టినీళ్లు గరుకు కాగితంలా ఇనుమును అరగదీస్తాయి. దసరా పూజకు కడగండి, బకెట్ నీళ్లు, చెంబు చాలు. మిగతా రోజుల్లో తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బండి మీద దుమ్ము ఉండటం తప్పేం కాదు.

ఇంజన్ విప్పించొద్దనేది కూడా గట్టిగానే చెప్తాను. సైలెన్సర్ నుంచి నీలిపొగ రాకుండా, ఆయిల్ తగ్గకుండా ఉంటే దాన్ని ముట్టొద్దు, వేళకు ఆయిల్ మార్చండి చాలు. బండి గతుకులు చూపిస్తోందంటే జబ్బు చాలాసార్లు కిందనే ఉంటుంది. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేపించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. నడిమధ్యలో పట్టినట్టు ఆగితే కోన్‌సెట్ పోయింది. వెనక చక్రాన్ని పట్టుకొని అటూ ఇటూ ఊపితే కదిలిందా, బేరింగులు గానీ స్వింగ్ ఆర్మ్ బుష్‌లు గానీ అరిగాయి. గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి టక్కుమంటే డ్రమ్ము లోపలి రబ్బర్లు చూడమనండి. ఇంజన్‌కు బోరు కొట్టించే డబ్బులో కొంత వీటికి పెడితే బండి నడక మారిపోతుంది.

ఇక చైన్ కవర్. స్టైల్ కోసం పోరగాళ్లు మొట్టమొదట తీసి పడేసేది దాన్నే. ఈ నేలకు అంతకంటే పనికొచ్చే భాగం ఆ బండిలో లేదు, ఉంచండి. చైన్‌ను బిర్రుగా బిగించొద్దు. చక్రం తిప్పి చూస్తే ఒకచోట ఎక్కువ బిగువుగా ఉంటుంది, అక్కడ కూడా కిందికీ పైకీ దాదాపు 25 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. యూరియా బస్తా వేసి వెనక భాగం కిందికి దిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ బరువంతా బేరింగుల మీద పడుతుంది.

వెడల్పు టైరు వద్దే వద్దు. 2.75-18 సైజు సన్న టైరుతోనే ఆ హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. గాలి కూడా రాయిలా కొట్టించకండి. ఒక్కరే పోతుంటే స్ప్లెండర్‌కు ముందు 25, వెనక 28 చాలు. ఇద్దరెక్కినా, బరువు వేసినా వెనక పెంచాలి, ఎంతన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. క్రషర్ టిప్పర్లు పాడుచేసిన కంకర రోడ్ల మీద ముందూ వెనకా నలభై కొట్టించుకొని నడుం నొప్పని వచ్చేవాళ్లకు నేను ముందు గాలి తీయిస్తాను. సైలెన్సర్ కోయించడం గురించి చెప్పేదేం లేదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే ఒప్పుకోదు.

ఆఖరుగా శ్రీశైలం పోయేవాళ్లకు. మన్ననూరు దాటి ఈగలపెంట మీదుగా డ్యాం వైపు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆర్పి దొర్లించుకుపోతారు. అలా చేయకండి. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పుతాయి, మలుపులో ఇద్దరి బరువు ఆపలేవు. ఇంజన్ నడుస్తూ ఉండాలి, రెండో గేరులో దిగాలి. అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు కాబట్టి, నిదానంగా దిగేంత పొద్దు ఉండగానే మన్ననూరు చెక్‌పోస్టు దాటండి.