మారిన ఒక్క పేరు

1990 మే 12, శనివారం. లండన్ వెంబ్లీ స్టేడియంలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఎదురు క్రిస్టల్ ప్యాలెస్. యునైటెడ్ గోల్‌కీపర్ జిమ్ లీటన్.

లీటన్ స్కాట్లండ్ మనిషి. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌దీ అదే దేశం. ఇద్దరి పరిచయం పన్నెండేళ్ళది. 1978లో ఫెర్గూసన్ అబర్డీన్ క్లబ్‌కు మేనేజర్‌గా వచ్చేసరికి లీటన్ అక్కడ ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఫెర్గూసన్ చేతికిందే ఎదిగాడు. 1983లో గోథెన్‌బర్గ్‌లో, జోరు వానలో, అబర్డీన్ రియల్ మాడ్రిడ్‌ను 2-1తో ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ గెలిచింది. ఆ రాత్రి గోల్ కాసింది లీటనే.

ఇద్దరి మధ్యా కార్డిఫ్ సంగతి ఒకటి ఉంది.

1985 సెప్టెంబర్ 10న అక్కడ వేల్స్‌తో స్కాట్లండ్ ఆడింది. ప్రపంచ కప్ ఆశ నిలవాలంటే ఓడకూడదు. స్కాట్లండ్ మేనేజర్ జాక్ స్టీన్. ఆయనకు సహాయకుడు ఫెర్గూసన్. సగం ఆటకు వేల్స్ ఒక గోల్ ముందుంది. డ్రెస్సింగ్ రూములో లీటన్ నెమ్మదిగా ఒక మాట బయటపెట్టాడు. కంట్లో లెన్సు పడిపోయింది. ఇంకో జత తెచ్చుకోలేదు.

లీటన్ లెన్సులు పెట్టుకుంటాడని ఫెర్గూసన్‌కు తెలియదు. ఏడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. స్టీన్ ఆ మాట నమ్మలేదు. తెలిసే తన దగ్గర దాచావా అన్నట్టు చూశాడు. రెండో సగానికి వేరే గోల్‌కీపర్ దిగాడు. చివర్లో దొరికిన పెనాల్టీతో స్కాట్లండ్ 1-1 చేసుకుంది. ఆట ముగుస్తుండగా స్టీన్ కుప్పకూలాడు. స్టేడియంలోని వైద్యుల గదిలోనే ప్రాణం పోయింది. ఫెర్గూసన్‌కు ఆయన గురువు లాంటివాడు.

ఫెర్గూసన్ కోపం గురించి స్కాట్లండ్‌లో కథలు చాలా ఉన్నాయి. డ్రెస్సింగ్ రూములో టీ కప్పులు గాల్లోకి లేచేవి. కళ్ళ సంగతి దాచిన గోల్‌కీపర్‌కు అబర్డీన్‌లో నూకలు చెల్లాయనే ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. స్టీన్ తరువాత స్కాట్లండ్ జట్టు భారం ఫెర్గూసన్ మీద పడింది. 1986లో మెక్సికో ప్రపంచ కప్‌కు లీటన్‌నే తీసుకెళ్ళాడు. అదే ఏడాది నవంబరులో ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కు మారాడు. 1988లో లీటన్‌ను అక్కడికీ పిలిపించుకున్నాడు.

1989-90 సీజన్ ఇద్దరికీ కలిసిరాలేదు. సెప్టెంబరులో పక్క క్లబ్ మాంచెస్టర్ సిటీ 5-1తో చితక్కొట్టింది. ఆ ఏడాది లీగ్‌లో యునైటెడ్ పదమూడో స్థానంలో నిలిచింది. ఫెర్గూసన్ వచ్చి మూడేళ్ళు దాటింది, ఒక్క కప్పూ రాలేదు. ఇక చాలు వెళ్ళిపొమ్మని స్టేడియంలో బ్యానర్ ఎత్తారు. ఉద్యోగం నిలవాలంటే మిగిలింది ఎఫ్‌ఏ కప్ ఒక్కటే అని పత్రికలు రాశాయి.

గోల్‌కీపర్ కొలువు చెరువుకట్ట కాసే నీరటి కొలువు లాంటిది. ఏడాదంతా నీళ్ళు నిలిపినందుకు ఎవరూ అడగరు, ఒక్క రాత్రి గండి పడితే ఊరంతా పేరు పెట్టి అడుగుతుంది. ఆ సీజన్లో లీటన్ పేరు చాలాసార్లు వినబడింది.

అవతలి గోల్‌కీపర్ కథ కూడా చెప్పుకోవాలి. అదే సెప్టెంబరులో ప్యాలెస్ లివర్‌పూల్ చేతిలో 9-0తో ఓడింది. దాని మేనేజర్ స్టీవ్ కోపెల్ గోల్‌కీపర్‌ను మార్చేశాడు. బ్రిస్టల్ రోవర్స్ నుంచి నైజెల్ మార్టిన్‌ను పది లక్షల పౌండ్లకు కొన్నాడు. బ్రిటన్‌లో గోల్‌కీపర్‌కు అంత ధర పలకడం అదే మొదలు. కోపెల్ మెత్తగా మాట్లాడే మనిషి. చోటు పోయిన పెర్రీ సక్లింగ్ పేరు చెప్పి ఆయన్ను కఠినుడని ఎవరూ అనలేదు.

ఫైనల్ మొదలైంది. పద్దెనిమిదో నిమిషం దరిదాపుల్లో ప్యాలెస్‌కు ఫ్రీకిక్ దొరికింది. బంతి గాల్లో వచ్చింది. లీటన్ ముందుకు వచ్చాడు. అందలేదు. గ్యారీ ఓరైలీ తల తగిలి బంతి గోల్‌లో పడింది. యునైటెడ్ కెప్టెన్ బ్రయన్ రాబ్సన్ సమం చేశాడు. మార్క్ హ్యూస్ ముందుకు తెచ్చాడు. అప్పుడు ప్యాలెస్ ఇయాన్ రైట్‌ను దింపింది. కాలు విరిగి కోలుకుంటున్న ఆటగాడు. వచ్చిన కాసేపటికే గోల్ కొట్టాడు. అదనపు సమయంలో ఇంకొకటి కొట్టాడు. ఏడు నిమిషాల ఆట మిగిలి ఉండగా హ్యూస్ మళ్ళీ సమం చేశాడు. 3-3.

అప్పట్లో ఫైనల్ తేలకపోతే పెనాల్టీలు లేవు. మళ్ళీ ఆడాల్సిందే. మే 17, గురువారం రాత్రి, అదే వెంబ్లీలో అని నిర్ణయమైంది.

మధ్యలో నాలుగు రోజులు.

యునైటెడ్ దగ్గర ఇంకో గోల్‌కీపర్ ఉన్నాడు. పేరు లెస్ సీలీ. తూర్పు లండన్ మనిషి, వాగుడుకాయ. ఆయన యునైటెడ్ ఆటగాడు కూడా కాదు. లూటన్ క్లబ్ అరువిచ్చిన మనిషి. ఆ సీజన్‌లో యునైటెడ్ తరఫున లీగ్‌లో రెండు మ్యాచులు ఆడాడు.

రీప్లేకు యునైటెడ్ జాబితా బయటికి వచ్చింది. ఇన్స్, లీ మార్టిన్, బ్రూస్, ఫెలాన్, పాలిస్టర్, రాబ్సన్, వెబ్, మెక్లెయర్, హ్యూస్, వాలెస్. శనివారం మూడు గోల్స్ ఇచ్చుకున్న డిఫెన్సు చెక్కుచెదరలేదు. పది పేర్లు అవే. అన్నిటికన్నా పైన ఉండే పేరు ఒక్కటే మారింది. లీటన్ పేరు ఉన్నచోట సీలీ పేరు ఉంది.

స్టేడియంలో చాలామంది నమ్మలేదు. కప్ ఫైనల్‌కూ దాని రీప్లేకూ మధ్య గోల్‌కీపర్‌ను మార్చడం అరుదు. అందులో పన్నెండేళ్ళు వెంట తిప్పుకున్న మనిషిని మార్చడం ఇంకా అరుదు. లీటన్ ఆ రాత్రి కోటు వేసుకుని వచ్చాడు.

ఆట అందంగా లేదు. ప్యాలెస్ వాళ్ళు బంతి కన్నా కాళ్ళ మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. సీలీ దగ్గరికి వచ్చిన బంతుల్లో ఏ ఒక్కటీ ఆయన్ను దాటలేదు. యాభై తొమ్మిదో నిమిషంలో యునైటెడ్ లెఫ్ట్‌బ్యాక్ లీ మార్టిన్ ముందుకు పరుగెత్తి గోల్ కొట్టాడు. గోల్స్ కొట్టడం అతని పని కాదు. యునైటెడ్‌లో ఉన్నన్నాళ్ళూ కొట్టినవి రెండే, అందులో ఇది ఒకటి. 1-0. రాబ్సన్ కప్ ఎత్తాడు.

ఫెర్గూసన్‌కు మాంచెస్టర్‌లో అది మొదటి కప్. బ్యానర్లు మళ్ళీ కనిపించలేదు. గోల్‌కీపర్ మార్పు గురించి శుక్రవారం పత్రికలు రాసిన మాట గుండెధైర్యం. ఆ గోల్ ప్యాలెస్ కొట్టి ఉంటే ఏ మాట రాసేవారో ఊహించడం కష్టం కాదు.

గెలిచినవాళ్ళకు మెడళ్ళు వచ్చాయి. సీలీకీ వచ్చింది. సీలీ తన మెడల్‌ను లీటన్‌కు ఇచ్చాడు. ఇది నీదే అన్నాడట. మిగతా రౌండ్లు ఆడి జట్టును అక్కడిదాకా తెచ్చింది లీటన్ కాబట్టి ఆ మాటలో తప్పు లేదు. లీటన్ ఆ మెడల్ ఉంచుకోలేదు.

ఆ తరువాత లీటన్ యునైటెడ్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. అదీ లీగ్ కప్‌లో, చిన్న జట్టు హాలిఫాక్స్ మీద. 1992లో డండీకి వెళ్ళిపోయాడు. ఆట ఇక అయిపోయిందన్నారు. అయిపోలేదు. 1998లో, నలభై నిండటానికి నెలన్నర ముందు, పారిస్‌లో ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లో బ్రెజిల్‌కు ఎదురుగా స్కాట్లండ్ గోల్ కాశాడు. దేశానికి మొత్తం 91 మ్యాచులు ఆడాడు. ఫెర్గూసన్‌తో తెగిన బంధం మాత్రం అతకలేదు.

సీలీ సంగతి. 1991 మేలో రోటర్‌డామ్‌లో యునైటెడ్ బార్సిలోనాను 2-1తో ఓడించి కప్ విన్నర్స్ కప్ గెలిచింది. మోకాలికి అంతకుముందు తగిలిన లోతైన గాయంతోనే సీలీ గోల్ కాశాడు. ఆ వేసవిలో ఫెర్గూసన్ డెన్మార్క్ నుంచి పీటర్ ష్మైకెల్‌ను కొన్నాడు. సీలీ ఆస్టన్ విల్లాకు వెళ్ళిపోయాడు.

ఇలా పేర్లు వస్తూ పోతూ ఉన్నాయి. ఇన్స్ పోయాడు. హ్యూస్ పోయాడు. ఆ తరువాత స్టామ్, బెక్‌హమ్, రాయ్ కీన్, వాన్ నిస్టెల్రోయ్. ఫెర్గూసన్ పనిలో ఉన్నంతకాలం ఎవరి పేరూ శాశ్వతం కాలేదు. 2013లో ఫెర్గూసన్ తప్పుకునేనాటికి యునైటెడ్ ఖాతాలో ఆయన వేసిన ట్రోఫీలు 38. లీగ్ టైటిళ్ళే 13. గొప్ప మేనేజర్ కావాలంటే గుండె రాయి కావాలా అన్న వాదన వచ్చినప్పుడల్లా, కావాలనే పక్షం వాళ్ళు ముందు చెప్పే పేరు ఆయనది. వాళ్ళు ముందు చెప్పే ఉదాహరణ లీటన్.

తప్పుకోవడానికి ఏడాది ముందు, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ అనితా ఎల్బర్స్ ఆయన పద్ధతుల్ని దగ్గరుండి చూసి, మేనేజ్‌మెంట్ విద్యార్థులకు ఒక పాఠంగా రాశారు. ఆటగాణ్ని జట్టులోంచి తప్పించే ప్రస్తావన వచ్చింది. ఫెర్గూసన్ సూటిగానే చెప్పాడు. ఆ పని ఇంకొకరికి అప్పగించడు. మనిషిని ఒంటరిగా పిలిచి తనే చెబుతాడు. నేను పొరబడుతున్నానేమో అని మొదలుపెడతాడు. ఇవాళ్టికి ఇదే మంచి జట్టని ముగిస్తాడు. తేలికైన పని కాదన్నాడు. అవతలివాడికి ఎలా ఉంటుందో తనకు తెలుసన్నాడు.

ఎలా తెలుసంటే, 1965లో తెలిసింది.

ఏప్రిల్ 24. గ్లాస్గోలోని హాంప్డెన్ పార్క్. స్కాటిష్ కప్ ఫైనల్. లక్ష మందికి పైగా జనం. ఒక జట్టు సెల్టిక్, దాని మేనేజర్ జాక్ స్టీన్. రెండోది డన్‌ఫర్మ్‌లిన్, దాని మేనేజర్ విల్లీ కన్నింగ్‌హామ్. డన్‌ఫర్మ్‌లిన్ సెంటర్ ఫార్వర్డ్ ఫెర్గూసన్‌కు అప్పుడు ఇరవై మూడేళ్ళు. గ్లాస్గోలోనే, ఓడలు కట్టే గోవన్ పేటలో పుట్టి పెరిగినవాడు. ఆట మూడింటికి. రెండుంపదికి కన్నింగ్‌హామ్ డ్రెస్సింగ్ రూములో పదకొండు పేర్లు చదివాడు. సెంటర్ ఫార్వర్డ్ పేరు రాలేదు. అతనికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. క్లబ్ పెద్దలు గదిలోనే ఉన్నారు. కుర్రాడు వాళ్ళ ముందే మేనేజర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. పేర్లు మారలేదు. సబ్‌స్టిట్యూట్ల పద్ధతి ఇంకా రాలేదు. పేరు లేనివాడు కూర్చుని చూడాల్సిందే. డన్‌ఫర్మ్‌లిన్ రెండుసార్లు ముందంజలోకి వెళ్ళి, చివరికి 3-2తో ఓడింది.

నాలుగేళ్ళ తరువాత కన్నింగ్‌హామ్ ఫాల్కర్క్ మేనేజర్‌గా ఉన్నాడు. ఫెర్గూసన్‌ను పిలిచి జట్టులో చేర్చుకున్నది ఆయనే. అక్కడే ఆటగాళ్ళకు తర్ఫీదు ఇచ్చే తొలి పని ఫెర్గూసన్ చేతికి వచ్చింది.